లోపలి చక్రం

ఆదివారం, 3 సెప్టెంబర్ 1978

ఈ డైరీ కంపెనీ ఇచ్చింది. నాకు కాదు, మా ఆయనకు. జనవరి ఒకటో తేదీ కింద "ఫస్టు షిఫ్టు" అని రాసి గూట్లో పడేశాడు, అంతే. ఇవాళ్టి నుంచి ఇది నాది. అడిగి తీసుకోలేదు. అడిగితే ఎందుకంటాడు. కడుపు మండి అంటే నవ్వుతాడు. మా అత్తకు చెప్పుకుంటే సాయంత్రానికల్లా వీధి నల్లా దగ్గర క్వార్టర్ల నాలుగు లైన్ల ఆడవాళ్లకు తెలుస్తుంది. రాసుకోవడమే మేలు. హెచ్చెస్సీ దాకా చదివిన చదువు బియ్యంలో రాళ్లు ఏరడానికే కాక ఇందుకైనా పనికొస్తుంది.

సంగతేమిటంటే, నా వంటగదిలో ఉల్లిగడ్డల గంప తీసి బయట పెట్టి, ఆ జాగాలో ఒక అట్టపెట్టె పెట్టాడు. అందులో కారు. మూరెడు పొడవు. బ్యాటరీ మీద నడుస్తుంది, తీగ లేదు. ఏరియల్ ఉన్న పెట్టె ఒకటి చేతిలో పట్టుకుని దాని మీది పుల్ల కదిలిస్తే అదెక్కడో దూరాన పరుగెడుతుందట. బొగ్గుబాయిలో కొత్త మిషన్లు బిగించడానికొచ్చిన విదేశీ ఇంజనీరు తిరిగిపోతూ ఇలాంటివి రెండు ఇచ్చిపోయాడు. ఒకటి మా గోదావరిఖని వర్కర్ల క్లబ్బుకు, ఒకటి బెల్లంపల్లి క్లబ్బుకు. దసరా నాడు రెండింటికీ పందెం. ముక్కలుగా వచ్చిన కారును బిగించే పని ఆటో సెక్షన్ ఫిట్టరని మా ఆయనకు అప్పగించారు. సదయ్య చెయ్యి పడితే చచ్చిన లారీ లేస్తుందని పేరు. ఇంట్లో నల్లా ఎండాకాలం నుంచీ కారుతోంది. దాని మీద మాత్రం ఆ చెయ్యి పడదు.

క్లబ్బు సెక్రటరీ నర్సింగం ఇది వైర్‌లెస్ కదా, పోలీసులు పట్టుకుంటారేమోనని భయపడి పోస్టాఫీసుకు పరుగెత్తాడట. మీ క్లబ్బు రేడియో లైసెన్సు రెన్యూవల్ చేయించారా లేదా, ముందది చెప్పమని పోస్టుమాస్టరు ఈయన్నే నిలదీశాడట. ఇలాంటివాళ్ల చేతుల్లో ఉంది మా క్లబ్బు.

బెల్లంపల్లి పేరెత్తగానే అందరూ నన్ను చూసి నవ్వుతున్నారు. నా పుట్టిల్లు అక్కడే. మా నాన్న ఆ క్లబ్బులోనే క్యారమ్స్ ఆడతాడు. పెళ్లై రెండేళ్లు దాటినా ఈ లైన్లో నేనింకా బెల్లంపల్లి పిల్లనే.

గురువారం, 7 సెప్టెంబర్

కారు బిగించడం అయింది. ఇక నడిపేవాళ్లు కావాలి, ఎందుకంటే ఆయన నేల మీద బోర్లా పడుకుని వెనక చక్రాలు ఎలా తిరుగుతున్నాయో చూడాలి. జల్ది రా, ఈ పెట్టె పట్టుకో అన్నాడు. పప్పు పొయ్యి మీద ఉందన్నాను. దించమన్నాడు. తనకు ఆకలైనప్పుడు ఈ మాట అంటాడా?

క్వార్టర్ల వెనక బాయిలర్ బూడిద పరిచిన ఖాళీ జాగా ఉంది. క్లబ్బు గ్రౌండు కూడా ఇదే బూడిద. మొదటిసారి పుల్ల నొక్కగానే కారు పోయి మురికి మోరీలో పడింది. రెండోసారి చాంద్ పాషా సైకిలు కింద దూరింది. చాంద్ పాషా మా ఆయనతోపాటు పనిచేసే మెకానిక్కు. కారు బ్యాటరీలను జీపు బ్యాటరీ మీద చార్జింగ్ చేసి తెచ్చేది ఆయనే. జర ఆహిస్తా భాభీ, అది మీ మాట ఇంటది, గని మీరు దాని మాట ఇనాలె అన్నాడు. కొంచెంసేపటికి నిజంగానే వినడం మొదలుపెట్టింది. మూడు రాళ్లు పెట్టి వాటి మధ్య నుంచి తిప్పాను. పప్పు మాడింది. ఎవరూ ఏమీ అనకముందే నేనే మాడిందని చెప్పి వడ్డించాను.

ఆదివారం, 10 సెప్టెంబర్

కారు నిటారుగా పోతే బాగుంది. మలుపు వచ్చిందా, వెనక లోపలి చక్రం బూడిద చిమ్ముతూ గిర్రున తిరుగుతుంది, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దీనికి కారణమేమిటని అడిగితే మా ఆయన మొదటిసారి నాకు ఒక సంగతి పూర్తిగా చెప్పాడు. వెనక రెండు చక్రాల మధ్య అగ్గిపెట్టెలో సగమంత డబ్బా ఉంది. లోపల పళ్ల చక్రాలు. అది డిఫరెన్షియల్. లారీకి కూడా ఇదే, ఎద్దు తలకాయంత ఉంటుందట. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెండింటినీ కలిపి బిగదీస్తే బండి మలుపు తిరగదు. మరీ వదులైతే, నేలను గట్టిగా పట్టని లోపలి చక్రమే మోటారు బలమంతా తినేస్తుంది.

డబ్బాలో గ్రీజు ఎంత చిక్కగా ఉంటే పట్టు అంత గట్టి. మోటారు పళ్లను వేలితో ఆపి ఒక చక్రాన్ని ముందుకు తిప్పితే రెండోది వెనక్కి తిరుగుతుంది. ఎంత బరువుగా తిరుగుతుందో వేళ్లకు తెలియాలి. ఇప్పుడైతే ఖాళీ గిలక తిప్పినట్టుంది.

బేరింగు గ్రీజు పెట్టాడు. కొంచెం నయం.

మంగళవారం, 12 సెప్టెంబర్

అత్త నాతో మాట్లాడటం లేదు. హాయిగా ఉంది.

ఆదివారం, 17 సెప్టెంబర్

హాయి అయిపోయింది. పెండ్లైన పోరి కొంగు నడుముకు చెక్కుకొని బూడిదల బొమ్మల బండి నడుపుతదా, పోశవ్వ కోడల్ని చూడుండ్రని లైనంత నవ్వుతున్నరు అని అత్త ఆయనతో అంది, నాకు వినపడేలా. నేనేమైనా సినిమాకు పోతానని అడిగానా? నడపమన్నది ఆమె కొడుకే. ఆ మాట ఆయన అనాలి కదా. అన్నం కలుపుకుంటూ ఊఁ అన్నాడు. ఊఁ అంటే ఏమిటి? ఎవరికి ఊఁ?

పైగా చాంద్ పాషా బాయిలో బొగ్గు టబ్బులు లాగే హాలేజీ రోపుకు పూసే నల్ల గ్రీజు తెచ్చిస్తే, దాన్ని నా కారప్పొడి గిన్నెలో కలిపాడు. చింతపండు, బూడిద, సోడా, అన్నీ వేసి తోమినా వాసన పోలేదు. ఆ గిన్నె ఇక వాళ్ల క్లబ్బుకే.

ఆ గ్రీజుతో కారు మరీ మొండికేసింది. ఎడమకు తిప్పితే ముక్కు బయటికే పోతుంది, ముక్కుతాడు తెంచుకున్న ఎద్దులాగా. సగానికి సగం బేరింగు గ్రీజు కలపమన్నాను. నీకేం తెలుసన్నాడు. సాయంత్రానికి కలిపాడు.

శుక్రవారం, 22 సెప్టెంబర్

కుదిరింది.

రెండు పాళ్లు బేరింగు గ్రీజు, ఒక పాలు రోపు గ్రీజు. మలుపులోకి పోయేముందు పుల్ల వదలాలి, ముక్కు తిరగనివ్వాలి, నిటారు కాగానే మళ్లీ నొక్కాలి. రాళ్ల మధ్య నుంచి దారం పోసినట్టు పోతోంది. చాంద్ పాషా సైకిలు ఆపి చప్పట్లు కొట్టాడు. మా ఆయన లేచి చొక్కా మీది బూడిద దులుపుకుని, నా సెట్టింగు చూసినవా అన్నాడు. చాంద్ పాషాతో అన్నాడు, నాతో కాదు. అయినా నాకు కోపం రాలేదు. ఇంత సంతోషం ఈ క్వార్టర్లోకి వచ్చాక నాకు తెలియదు, అది నిజం.

సోమవారం, 2 అక్టోబర్

ఎంగిలి పువ్వు బతుకమ్మ. పువ్వుల చుట్టూ తిరిగి ఆడుతుంటే ఒకటి తోచింది. లోపలి వరసలో ఉన్నవాళ్లు చిన్న అడుగులు వేస్తారు, బయటి వరసవాళ్లు పెద్దవి. ఇద్దరి కొంగులూ ముడేస్తే ఎవరో ఒకరు పడతారు. అలాగని ఎవరి మానాన వాళ్లను వదిలేస్తే లోపలివాళ్లు ఉన్నచోటే గిరగిర తిరిగి ఆట చెడుతుంది. అందరినీ కలిపి పట్టేది పాట. ఆ పాటే డబ్బాలో గ్రీజు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. మళ్లీ ఒకసారి చెప్పమన్నాడు.

బుధవారం, 4 అక్టోబర్

సొమ్మొకడిది సోకొకడిది.

నిన్న క్లబ్బులో నర్సింగం డిఫరెన్షియల్ అంటే ఏందని అడిగితే మా ఆయన బతుకమ్మ ముచ్చట చెప్పాడట. లోపలి వరస, బయటి వరస, పాట, గ్రీజు, అన్నీ. అరె సదయ్యా, ఏం దిమాకురా నీది అని నర్సింగం వీపు చరిచాడట. ఇదంతా మళ్లీ నాకే మురిసిపోతూ చెప్పాడు! ఎక్కడ విన్నాడో కూడా మరిచిపోయాడు. ఈయన జన్మలో ఎన్నడైనా బతుకమ్మ ఆడాడా? గునుగు పువ్వుకూ తంగేడు పువ్వుకూ తేడా తెలియని మనిషి!

నేను చెప్పానని అనలేదా అని అడిగాను. ఎవలు చెప్తే ఏంది, ముచ్చట మంచిదే గద అన్నాడు.

గురువారం, 5 అక్టోబర్

ఇవాళ రాసేది పేజీ చినిగేలా రాస్తాను.

పందెంలో కారు నడిపేది ఎవరో క్లబ్బులో తేల్చారు. చాంద్ పాషా వచ్చి చెప్పాడు, పాపం తలదించుకుని. భాభీ లెక్క ఎవ్వరూ నడపలేరు, నేను నా కండ్లతోటి చూసిన అని చాంద్ పాషా అన్నాడట. నర్సింగం నవ్వాడట. ఆడిమనిషి నలుగుట్ల నిలవడి పెట్టె పట్టుకుంటదా, అండ్ల బెల్లంపల్లి పిల్ల, తల్లిగారి దిక్కే గుంజుతది గద అన్నాడట. అందరూ నవ్వారట. మా ఆయన నేల చూపులు చూశాడట. నడిపేది సదయ్య అని రాసుకున్నారట.

ఆయన వచ్చాక అడిగాను, నువ్వేమన్నావని. నేనేమనలేదు అన్నాడు, అదేదో పుణ్యం చేసినట్టు. ఏమీ అనకపోవడమే కదా నా బాధ! నెల రోజులు బూడిదలో నిలబెట్టి నడిపించినప్పుడు నేను ఆడదాన్ని కాదా? లైనంతా నవ్వినప్పుడు కాదా? కారు ముక్కు బయటికి పోతోందని నేను చెప్తేనే కదా గ్రీజు మార్చింది. ఇప్పుడు నలుగురు చూసే రోజు వచ్చేసరికి నేను తాడు అవతల నిలబడి చూడాలి.

అన్నం వడ్డించాను. ఉప్పు వెయ్యలేదు. తిన్నాడు.

శనివారం, 7 అక్టోబర్

ఆయన నడుపుతున్నాడు. చూస్తే ఏడుపొస్తుంది. పుల్ల నొక్కితే వదలడు. మలుపైనా, గోడైనా, మనిషైనా నొక్కుడే. మలుపుకు గుర్తుగా పెట్టిన డ్రమ్ముకు రెండుసార్లు గుద్దాడు. గుద్ది, సెట్టింగు బాగా లేదంటాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు.

చివరికి నా దగ్గరికే వచ్చాడు. ఏం చెయ్యాలె అని అడిగాడు, మెల్లగా. చెప్పకూడదనుకున్నాను. కానీ ఆ కారును అలా గుద్దుతుంటే చూడలేకపోయాను. పుల్ల వదలని మనిషికి గ్రీజు చిక్కగా ఉండాలి. మలుపు పెద్దగా తిరిగినా లోపలి చక్రం ఊరికే తిరగదు, బండి ఆగదు. డబ్బా నేనే విప్పాను. రోపు గ్రీజు రెండు పాళ్లు చేసి, చక్రం వేళ్ల కింద బరువుగా తిరిగేదాకా నింపి నేనే బిగించాను. ఇప్పుడు గుద్దడం లేదు. నా చేతికైతే ఇలాంటి బండి చచ్చినా వద్దు. ఆయన చెయ్యి అలాంటిది, ఏం చేస్తాం?

మంగళవారం, 10 అక్టోబర్

నవమి. మా అత్త పద్ధతి ప్రకారం ఇంట్లో ఉన్న ఇనుప సామానంతా కడిగి పూజలో పెట్టాలి. పానాలు, సుత్తె, స్క్రూడ్రైవర్లు, బొగ్గులు కొట్టే గొడ్డలి, చివరికి నా కత్తిపీట కూడా. పసుపు, కుంకుమ పెట్టాక మరునాడు జమ్మి ముట్టుకుని వచ్చేదాకా ఏదీ తియ్యకూడదు. వంటకు కూరగాయలు చేత్తో తుంచి వేశాను. కారునూ అక్కడే పెట్టారు, నెత్తిన నిమ్మకాయతో. పందెం రేపు మూడింటికి, అందుకని దాన్ని మాత్రం ముందే తియ్యొచ్చని అత్త ఒప్పుకుంది.

బుధవారం, 11 అక్టోబర్, ఉదయం 7 గంటలు

పండగ వంట పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

దండం పెట్టుకుంటూ ఊరికే చక్రం తిప్పి చూశాను. గిలకలా తిరిగింది. మళ్లీ తిప్పాను. అదే. డబ్బాలో చుక్క గ్రీజు లేదు. వంగి చూస్తే కిరోసిన్ వాసన. అత్తను అడిగాను. అవ్, నేనే కడిగిన, నల్లగ జిడ్డు కారుతుంటే పూజల పెడ్తరా, తాంబాళంల గ్యాస్‌నూనె పోసి ఎన్కభాగం నానవెట్టిన, బురుసుతోటి రుద్దిన, వైర్లకు మాత్రం తాకనియ్యలేదు అంది. ఎంత శుభ్రంగా చేసిందో చూడమని చూపించింది కూడా. నెల రోజుల పని! నిజంగానే తళతళలాడుతోంది.

ఆయన్ను లేపి చెప్పాను. మళ్లీ నింపుదాం, గంట పని అన్నాను. స్క్రూడ్రైవరు పూజలో ఉంది. ఆయన చెయ్యి పెట్టబోతే అత్త అడ్డం నిలబడింది. జమ్మికి ముందు పనిముట్టు లేపితే ఇంట్ల పీనుగ లేస్తది, దస్రా పద్ధతి తప్పిన నీ అయ్య సంగతి యాదిలేదా అంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పక్కింట్లో అడిగి తెస్తానన్నాను. దసరా పూట లైన్లో ఎవరి పనిముట్టు పూజలో లేదు గనక?

అప్పుడు ఆయనతో స్పష్టంగా చెప్పాను. బండి ఇప్పుడు మొదటి రోజులా ఉంది. మలుపులో పుల్ల వదులు, నిటారు అయ్యాకే నొక్కు. నీ చేత కాకపోతే పెట్టె నాకియ్యి, నేను ఖాళీ డబ్బాతో కూడా నడిపాను అన్నాను. ఆయనకు చివరి మాటే వినపడింది. పెట్టె నీకిచ్చి నేను గాజులేసుకోవాల్నా అన్నాడు.

అదే రోజు, సాయంత్రం

ఓడిపోయారు.

ఆడవాళ్లం తాడు అవతల నిలబడ్డాం. నాలుగు డ్రమ్ములు, వాటి చుట్టూ ఐదు చుట్లు. నిటారుగా ఉన్నచోట మా కారే ముందు. మొదటి డ్రమ్ము దగ్గర ఆయన పుల్ల వదలలేదు. లోపలి చక్రం ఫౌంటెన్‌లా బూడిద చిమ్మింది, బండి అక్కడే ఆడింది, బెల్లంపల్లి కారు పక్క నుంచి పోయింది. రెండో డ్రమ్ము దగ్గరా అంతే. వదులు, వదులు అని తాడు దగ్గర నుంచి అరిచాను. గొంతు పోయేలా అరిచాను. విన్నాడు, నాకు తెలుసు. ఒకసారి ఇటు చూశాడు కూడా. ఇంకా గట్టిగా నొక్కాడు.

పందెం అయ్యాక చాంద్ పాషా చక్రం తిప్పి చూసి, ఇండ్ల గ్రీజే లేదన్నాడు. అంతే, నర్సింగం అందుకున్నాడు. నేను ముందుగాల్నే చెప్పిన గద, బెల్లంపల్లి పిల్ల ఇంట్ల పెట్టుకుంటే గిట్లనే అయితది, తల్లిగారి కోసం కడిగేసింది అన్నాడు. అంత జనంలో. నా ముఖం మీదే. చుట్టూ ఉన్నవాళ్లంతా నన్ను చూశారు. నేను మా ఆయన్ను చూశాను. పొద్దున ఆ సంగతి చెప్పింది నేను. కడిగిందెవరో ఆయనకు తెలుసు. ఒక్క మాట చాలు.

ఏరియల్ లోపలికి నెడుతూ నిలబడ్డాడు.

గురువారం, 12 అక్టోబర్

నిన్న రాత్రి జమ్మి ఆకు తెచ్చి బంగారమని చేతిలో పెట్టబోయాడు. చెయ్యి చాపలేదు.

శనివారం, 14 అక్టోబర్

వీధి నల్లా దగ్గరికి పోతే మాటలు ఆగిపోతున్నాయి. నిన్న ఒకామె, గెలిచినందుకు మీ తల్లిగారు చీర పెట్టిండ్రా అని అడిగింది. బిందె అక్కడే వదిలేసి వచ్చాను. నేను ఓడించాలనుకుంటే ఆ మనిషి చేతికి సరిపోయేలా గ్రీజు ఎందుకు నింపుతాను? ఎవరికి చెప్పను? చెప్పాల్సినవాడు రెండు షిఫ్టులు చేసి వచ్చి ముసుగు తన్ని పడుకుంటున్నాడు.

ఇవాళ ఇంట్లో నల్లా బాగుచేశాడు. దాంతో సరిపోతుందనుకున్నాడు.

ఆదివారం, 15 అక్టోబర్

క్లబ్బులో మీటింగు. ఆయన్ను పిలిచారు. ఆయన చొక్కా వేసుకుంటుంటే అత్త కూడా లేచింది. నువ్వెక్కడికని అడిగితే, నడువు అంది. నేను పోలేదు. జరిగింది చాంద్ పాషా చెప్పాడు, రెండుసార్లు చెప్పించుకున్నాను.

నర్సింగం మళ్లీ బెల్లంపల్లి అని మొదలుపెట్టగానే అత్త చెప్పులు విడిచి లోపలికి పోయిందట. ఆడవాళ్లు ఆ గడప దాటడం ఇదే మొదలట. ఓ నర్సింగం, గ్రీజు కడిగింది నేను, ఈ చేతులతోటి కడిగిన, నా కోడలిని అంటవేందిరా అందట. నీకెట్ల తెలుస్తదే అవ్వా అని వాళ్లు నవ్వబోతే ఆగలేదట. దాన్ని బూడిదల నడిపి నడిపి దారికి తెచ్చింది నా కోడలు. డబ్బ విప్పి నింపింది నా కోడలు. కడిగి పాడుచేసింది నేను. పొద్దుగాల్నే నా కొడుక్కు ఎర్కే. ఎర్క ఉండి నోరు తెర్వలే. మా ఇద్దరి పనిల మీ మొగోళ్లు చేసిందేందో చెప్పుండ్రి అందట.

అత్త చెప్పులేసుకుని వచ్చేసింది.

ఇంటికొచ్చాక మాత్రం నాతో, చారు పొంగుతుంది చూడు అని కసిరింది.

సోమవారం, 16 అక్టోబర్

అత్తను అడిగాను, ఎందుకు కడిగావని. మామ సంగతి నాకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. ఆయన పోయిన ఏడు దసరాకు డబుల్ డ్యూటీ చేశాడట, హాలేజీ మిషన్ కడగకుండానే పూజ చేశారట. దీపావళి లోపలే బొగ్గు టబ్బులు రోపు నుంచి ఊడి ఆయన మీదికి వచ్చాయి. దస్రాకు కడగని యంత్రం మనిషిని అడుగుతది బిడ్డా, అది బొమ్మది గావొచ్చు, పెట్టె పట్టుకునేది నా కొడుకే గద అంది. అని లేచి బియ్యం చెరిగింది.

ఆమె మీద నేను రాసినవి పై పేజీల్లో ఉన్నాయి. కొట్టెయ్యను. రాసిన రోజు అవి నిజమే. కానీ ఇవాళ ఆమె పక్కన కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరాను.

ఆయనతో మాట్లాడాను, నాలుగు రోజుల తర్వాత. నా మీద నింద పడుతుంటే ఎందుకు నిలబడి చూశావన్నాను. అందామనే అనుకున్న, గంతల మాట మీదికెళ్లి మాట వచ్చింది అన్నాడు. మాట మీద మాట ఏం రాలేదు. ఓడిన సిగ్గుకు ఒక మనిషి అడ్డం దొరికింది, ఆ అడ్డం చాటున నిలబడ్డావు అని నేనే చెప్పాను. లేచి బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. పిలవలేదు నేను.

శుక్రవారం, 20 అక్టోబర్

బెల్లంపల్లి క్లబ్బు మళ్లీ పందేనికి పిలిచిందట, నవంబర్ ఐదున, వాళ్ల గ్రౌండులో. నర్సింగం ఇంటికే వచ్చాడు. వచ్చి మా ఆయన్ను అడుగుతాడు, నేను ఎదురుగా నిలబడి ఉండగా, నీ భార్యను పంపుతవా అని. నన్నడుగుడెందుకు, ఆమె ఉన్నది గద, ఆమెనడుగు అన్నాడు మా ఆయన. ఈ మాట పందెం ముందు రావాల్సింది. ఆలస్యంగానైనా వచ్చింది.

నర్సింగం గోడ వైపు చూస్తూ, నడుపుతవా అమ్మా అన్నాడు. బెల్లంపల్లి పిల్ల తల్లిగారి దిక్కు గుంజుతది గద అన్నాను. తల గోక్కున్నాడు. నడుపుతాను, ఇకనుంచి డబ్బా నేను తప్ప ఎవరూ విప్పకూడదు, కడగకూడదు అన్నాను. ఆఖరి మాట అన్నప్పుడు అత్త మూతి తిప్పింది.

ఆదివారం, 29 అక్టోబర్

బెల్లంపల్లి గ్రౌండు బూడిద కాదు, గట్టి మొరం. అక్కడ పట్టు ఎక్కువ, కాబట్టి గ్రీజు పల్చగా చాలు. రోపు గ్రీజు పూర్తిగా తీసేశాను. మా ఆయన అనుమానంగా చూసి, జర చిక్కగ పెట్టరాదు, పైలం ఉంటది అన్నాడు. నీ చేతికి చిక్కగా, నా చేతికి పల్చగా అన్నాను. మొరం పోగేసి క్వార్టర్ల వెనక పరిచిపెట్టాడు, షిఫ్టు నుంచి వచ్చి, స్నానం కూడా చెయ్యకుండా. చాలా బాగా పరిచాడు. చెప్పాను ఆ మాట.

ఆదివారం, 5 నవంబర్, మధ్యాహ్నం, బెల్లంపల్లి

పందేనికి ఇంకా టైముంది. మా నాన్న వాళ్ల క్లబ్బు బిళ్ల చొక్కాకు పెట్టుకుని అటు కూర్చున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపి, మళ్లీ తమాయించుకున్నాడు.

ఇందాక మైకులో పేర్లు చదివారు. గోదావరిఖని తరఫున సదయ్య అన్నారు. నర్సింగం పరుగెత్తి ఏదో చెప్పాడు. సదయ్య గారి భార్య అన్నారు. పెట్టె నేల మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఏమైందమ్మా, బ్యాటరీ లేదా అని అడిగారు. బ్యాటరీ ఉంది, పేరు లేదు అన్నాను. చాలాసేపు మైకు గరగరలాడింది. ఆఖరికి మా ఆయనే పోయి మైకు దగ్గర నోరు పెట్టి సారక్క అన్నాడు. గ్రౌండంతా వినపడింది.

పెట్టె తీసుకున్నాను.

సోమవారం, 6 నవంబర్

ఓడిపోయాను. చివరి మలుపులో కారు నిటారు కాకముందే నొక్కాను, లోపలి చక్రం ఊరికే తిరిగింది. గ్రీజు సరిగ్గానే ఉంది. గ్రౌండు బాగానే ఉంది. ఎవరూ ఏదీ కడగలేదు. తొందరపడింది నా వేలు.

రైల్లో మా ఆయన నర్సింగంతో, మేం ఓడిపోయినం, ఏం చేస్తం అంటున్నాడు. మేం ఏమిటి, మేం? ఓడింది నేను.